ఏడో మెట్టు

(కింద గది. గోడ పక్కన పైకి ఇనప మెట్లు. కుర్చీలో తండ్రి, నూలు మిల్లులో ఒకప్పటి ఫిట్టరు. కూతురు ఇప్పుడే వచ్చింది.)

"…అందుకే చెప్తున్నా. కుట్టుమిషను తీసుకుపో. మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యి."

"అమ్మ చీరలు ఎవరికిస్తాను నాన్నా? దారిన పోయేవాళ్ళకా?"

"నీ ఇష్టం. నాకు చెప్పకు."

"నేనేం చెప్పబోయినా నాకు చెప్పకు అంటావు."

"ఆ చెప్పులు ఇటు పక్కకి పెట్టు. ఎడమదాని బద్దీ ఊడుతోంది. రెండు రోజుల్లో తెగుతుంది."

"చూడకుండానే చెప్తున్నావా?"

"నువ్వు వీధి మలుపులో ఉన్నప్పుడే విన్నాను."

"విన్నావులే. నీకేం, చెప్పులు వింటావు, కుళాయిలు వింటావు. సరే, దాని సంగతి తర్వాత మాట్లాడదాం. మిషను బండెక్కాక నిన్ను ఒక్క మాట అడుగుతాను. జవాబు చెప్పినా చెప్పకపోయినా వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

"నిన్ను రమ్మన్నదెవరు?"

"ఎవరూ అనలేదు. అమ్మ పోయాక ఈ అయిదు నెలల్లో ఒక్కసారి కూడా అనలేదు. అది గుర్తుంది నాకు."

"పైకెళ్ళి నీ పని చూసుకో, గిరకా."

"ఆ పేరుతో పిలవకు."

"చిన్నప్పుడు ఇల్లంతా గిరగిరా తిరిగేదానివి. మీ అమ్మ పెట్టింది, నేను కాదు."

"అమ్మ పెట్టిందని తెలుసు. అందుకే పిలవకు అంటున్నా. పై గది తాళం ఎక్కడ?"

"తాళం వెయ్యలేదు. వేసేవాళ్ళెవరు? నా మోకాలికి మూడు మెట్లెక్కితే నాలుగోది కనపడదు."

"సరే. ఎక్కుతున్నా."

"…"

"…"

"ఎక్కావా?"

"ఉండు… ఆఁ. ఎక్కాను. ఏంటి?"

"ఏం లేదు. నీ చేతికి మీ అమ్మ ఉంగరమా?"

"అవును. కొంచెం వదులు. నీకెలా తెలిసింది?"

"రైలింగుకి తగిలింది."

"ఈ మెట్లు ఎవడు పెట్టాడో గాని, నిచ్చెన నయం. నాన్నా, ఇక్కడంతా అమ్మ వాసనే. వేడి ఇస్త్రీపెట్టె, తడి గుడ్డ, మిషను నూనె. కిటికీ తీస్తే పోతుందేమో."

"తియ్యకు."

"తియ్యలేదు. బుట్టలో సగం కుట్టిన చొక్కా ఉంది. స్కూలు పిల్లలది. సూది ఇంకా దానికే ఉంది. ఒక చెయ్యి కుట్టేసింది, రెండోది లేదు."

"ఆ చొక్కా అక్కడే పెట్టెయ్యి. కిందకి రా."

"వస్తున్నా, అరవకు. బండివాడు వచ్చినట్టున్నాడు."

"వచ్చి మూడు నిమిషాలైంది. బయట వాడి బండి ఫ్యాను బెల్టు పీచులు లేస్తోంది. వాడికి తెలీదు."

"అమ్మా! బండి తెచ్చాను. మిషను ఎక్కడుందమ్మా? పైనా? అయ్యో రాత! ఫోన్లో మెట్ల సంగతి చెప్పలేదే మీరు. నా నడుము ఇప్పటికే కోర్టులో కేసేసింది నా మీద."

"పద్నాలుగు మెట్లేనన్నా. రెండు ముక్కలుగా దించొచ్చు."

"ఏయ్, నీ బండి ఫ్యాను బెల్టు ఎన్నాళ్ళయింది మార్చి?"

"ఎందుకు పెద్దాయనా?"

"మార్చుకో. ఈ వారంలో పోతుంది."

"నిన్ననే మెకానిక్కు కూడా అదే అన్నాడు! బానెట్టు తీసి చూసి మరీ అన్నాడు. మీరు కుర్చీలోంచి లేవకుండా చెప్పారే?"

"ఆయనకి బండ్లన్నీ వినపడతాయన్నా. మనుషులే వినపడరు."

"ఆ అమ్మాయి మాటలు పట్టించుకోకు. మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశాను. నూలు వడికే కదుళ్ళు నాలుగు వందలు ఒక్కసారి తిరుగుతుంటే ఎక్కడ బేరింగు అరుగుతోందో నడుచుకుంటూ పోతూనే తెలిసేది."

"వినగానే విప్పేసేవాళ్ళా?"

"అలా విప్పితే మేస్త్రీ తోలు తీస్తాడు. ఒకసారి మోగితే దుమ్ము అనుకోవాలి. రెండోసారి మోగితే బరువు ఎక్కువైందనుకోవాలి. మూడోసారి కూడా అదే చోట మోగితే అది మిషనే. అప్పుడు సుద్దముక్కతో మూడు గీతలు గీసి వచ్చెయ్యాలి. ఏడాదికొకసారి మిల్లు మొత్తం ఆపుతారు. షట్‌డౌన్. గీతలున్నవన్నీ ఆరోజు విప్పుతాం. నడిచేదాన్ని మధ్యలో ఆపకూడదు."

"ఈలోపు అది విరిగితే?"

"విరక్కుండా చూసుకోవడం ఆ మిషను మీద పనిచేసే మనిషి వంతు. ఆ మనిషి మన గీతలు చూసి, వాటి కింద చిన్న టిక్కు పెట్టాలి. చూశాను, నువ్వు విప్పేదాకా మెల్లగా నడుపుతాను అని దాని అర్థం. టిక్కు పడితే ఇంక ఫిట్టరు మీద భారం లేదు."

"బాగుంది పెద్దాయనా. నోరు తెరవక్కర్లేని ఉద్యోగం."

"ఆ హోరులో తెరిచినా వినపడదు."

"ఇంట్లో ఏ హోరుందని నాన్నా, ఇక్కడా తెరవలేదు?"

"నువ్వు పైకెళ్ళు. మిషను నూనె డబ్బా కిటికీ గట్టు మీదుంటుంది. అది పట్రా."

"ఇప్పుడేగా దిగాను! అప్పుడే చెప్పొచ్చుగా!"

"అప్పుడు గుర్తు రాలేదు."

"ఈయన ఎలాగూ పైకి వెళ్తున్నాడు, ఈయన తెస్తాడు."

"వాడికి మిషను ఉంది. నువ్వు తే. ఉత్త చేతులతో వెళ్ళి డబ్బా తీసుకుని రా, అంతే."

"అమ్మని కూడా ఇలాగే తిప్పేవాడివి. కళ్ళజోడు, టవలు, మందు సీసా. కుర్చీలోంచి లేచేవాడివి కాదు."

"వెళ్ళు."

"వెళ్తున్నా. అన్నా, కాస్త ఆగు, నేనెక్కాక నువ్వు ఎక్కు. ఇద్దరికీ చోటు చాలదు."

"ఎక్కండమ్మా, ఎక్కండి. నాకేం తొందర లేదు, నా నడుముకి అసలే లేదు."

"…"

"ఎక్కావా, గిరకా?"

"…ఆఁ… ఉండు. డబ్బా… దొరికింది. ఇదుగో, గట్టు మీదే ఉంది. అన్నా, వచ్చెయ్యి."

"ఏయ్, వెనక రెండు మరలు వదులు చెయ్యి, మిషను తల లేచి వస్తుంది. స్టాండు విడిగా దించు. చక్రం పట్టుకుని లేపకు, ఒంగిపోతుంది."

"అలాగే పెద్దాయనా!"

"ఇదుగో నీ నూనె డబ్బా. ఖాళీది."

"అక్కడ పెట్టు."

"ఖాళీ డబ్బా ఏం చేసుకుంటావు?"

"అక్కడ పెట్టమన్నానా? గిరకా, ఆ డాక్టరు రాసిచ్చిన కాగితం ఏం చేశావు?"

"ఏ కాగితం?"

"అమ్మ పోయిన రోజు ఇచ్చాడు. గుండె కండరం జబ్బు, ఇది రక్తంలో దిగుతుంది, కడుపున పుట్టినవాళ్ళు కూడా ఒకసారి చూపించుకోవాలి అన్నాడు."

"ఓ, అదా. బ్యాగులో ఎక్కడో ఉండాలి. నాకేం వచ్చింది, దుక్కలా ఉన్నాను. పోస్టాఫీసు కౌంటర్లో ఒక్కదాన్నే, సెలవు పెడితే నా పని నెత్తిన వేసుకునేవాడు లేడు. ఇవాళ ఒక్క పూట సెలవు కోసమే నాలుగు రోజులు బతిమాలాను."

"చూపించుకోలేదన్నమాట."

"మాట మార్చకు. నీ సంగతి నాకు తెలుసు. అడిగేది అడగనివ్వవు. సరే, మిషను దిగేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే అడుగుతాను."

"బండివాడు ఉన్నాడు."

"ఉండనీ. నాలుగు వందల కదుళ్ళలో ఒక్క బేరింగు అరిగితే నీకు వినపడింది. ఈ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. పొద్దున్నించి రాత్రిదాకా నీ ముందే తిరిగేది, నీ నెత్తి మీదే మిషను తొక్కేది. గుండె అలా పాడైపోతుంటే మనిషిలో ఏదో ఒకటి మారుతుంది కదా? అడుగు మారుతుంది, ఊపిరి మారుతుంది. నీకు ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఏమీ వినపడలేదా? చెప్పు నాన్నా. ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఇది తెలియకుండా నిద్ర పట్టడం లేదు."

"వయసైంది. చెవి మందగించింది."

"మందగించిన చెవితో చెప్పు బద్దీ విన్నావా? ఫ్యాను బెల్టు విన్నావా?"

"అవి వేరు."

"ఏం వేరు?"

"జరగండి, జరగండి! తల వస్తోంది, తల! అమ్మో, ఇంత బరువేంటమ్మా, లోపల ఇంకో మిషనుందా? అమ్మా, ఆ మధ్య మెట్టు ఏమైనా వదులుగా ఉందా? సుద్దతో గీతలు గీసున్నాయి. విరిగిందేమోనని దాని మీద కాలు పెట్టకుండా దాటేశాను. ఇంకాస్తయితే మిషనూ నేనూ కలిసి వచ్చేవాళ్ళం."

"గట్టిదే. తొక్కు."

"మూడు గీతలు పెద్దాయనా. ఇప్పుడు మీరు చెప్పారే, ఆ మిల్లు గీతల్లాంటివి."

"నోరు మూసుకుని దాన్ని బండిలో పెట్టు."

"పెడతా, పెడతా. మంచి మాటే అన్నాగా."

"ఏ గీతలు నాన్నా?"

"మెట్టు మోగుతుంటే ఎప్పుడో గీశాను."

"నేను రెండుసార్లు ఎక్కాను, దిగాను. ఏ మెట్టూ మోగలేదు."

"నీ చెవికి మోగలేదు."

"మోకాలితో మూడు మెట్లు ఎక్కలేనన్నావు. ఎప్పుడు ఎక్కి గీశావు?"

"పైన కిటికీ రెక్క వేసుందా?"

"నేను అసలు తియ్యలేదని చెప్పానా లేదా?"

"గడియ పడిందో లేదో చూసిరా. గాలికి కొట్టుకుంటుంది."

"ఆకు కదలడం లేదు బయట! నాన్నా, నీకు నన్ను చూస్తే ఒళ్ళు మంటా? ఒక్క మాట అడిగితే నూనె డబ్బా, ఇంకో మాట అడిగితే కిటికీ."

"చివరిసారి. ఇంక అడగను. వెళ్ళి చూసిరా."

"సరే, చివరిసారి. నేనూ ఆ గీతలేంటో చూస్తాను."

"దిగేటప్పుడు చూడు. ఎక్కేటప్పుడు ఆగకు. మామూలుగా ఎక్కు."

"ఎలా ఎక్కాలో కూడా నువ్వే చెప్పు."

"…"

"…"

"గిరకా."

"…"

"గిరకా, పలుకు."

"…పలుకుతున్నా… ఊపిరి తీసుకోనివ్వవా? గడియ పడే ఉంది. చాలా? తృప్తేనా?"

"దిగు. మెల్లగా."

"దిగుతున్నా. ఒకటి, రెండు… ఇదుగో. కింది నుంచి ఏడోది. నాన్నా, మెట్లన్నీ ఇప్పటికీ నున్నగా ఉన్నాయి, అమ్మ రోజూ తడిగుడ్డ పెట్టేది కదా. ఈ ఒక్క మెట్టు మీద మాత్రం ఒక మూల చెయ్యంత మేర తుడవలేదు. చుట్టూ తుడిచి దీన్ని వదిలేసింది. అందులో మూడు గీతలు. తెల్లగా. నీ గీతలే."

"చూశావుగా. వచ్చెయ్యి."

"కింద ఇంకోటి ఉంది."

"ఏంటి?"

"టిక్కు."

"ఏం టిక్కు? నేను పెట్టలేదు."

"నువ్వు పెట్టలేదని తెలుస్తూనే ఉంది. ఇది తెల్లది కాదు. నీలం. బట్టల మీద గీసే సుద్ద నాన్నా. అమ్మది."

"ఏ రంగు అన్నావు?"

"నీలం."

"మళ్ళీ చూడు. నీడేమో."

"నీడకి రంగుంటుందా? నీలం టిక్కు. చిన్నది. చొక్కా జేబు ఎక్కడ రావాలో పెడుతుందే, అలాంటిది. వేలితో రుద్ది చూడనా?"

"ముట్టుకోకు! చెయ్యి పెట్టకు దాని మీద!"

"పెట్టలేదు, పెట్టలేదు. అరవకు… నాన్నా? ఏమైంది? నాన్నా, అలా ఊగకు, కుర్చీ పడిపోతుంది. ఇదుగో వచ్చేశాను. నీళ్ళు తేనా?"

"వద్దు."

"అమ్మకి ఈ టిక్కు అర్థం తెలుసా?"

"మిల్లు సంగతి ఆమెకి తెలియనిదేముంది? ముప్ఫై నాలుగేళ్ళు రోజూ సాయంత్రం అడిగేది. ఇవాళ ఏం విన్నావు అని. వేరే మొగుళ్ళు సినిమాకి తీసుకెళ్తారు, నువ్వు బేరింగులకి తీసుకెళ్ళు అనేది. చెప్పేవాణ్ణి. ఆమె తన సంగతులు చెప్పేది. ఎదురింటి గేటు వానలో ఒకలా ఎండలో ఒకలా పలుకుతుందని. కొత్త గుడ్డ కత్తెర కింద చీదుతుందని, పాత గుడ్డ నిట్టూరుస్తుందని."

"అవును. మీ ఇద్దరూ కుళాయి చుక్క గురించి అరగంట మాట్లాడుకునేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. ఇంట్లో పిచ్చాసుపత్రి పెట్టారా అని."

"మా ఇద్దరికీ ఉన్నది ఆ మాటలే. వేరే మాటలు నాకు రావు."

"మరి ఇది చెప్పు. ఆ మెట్టు మీద ఏం విన్నావు?"

"ఉంగరం."

"అమ్మ ఉంగరమా?"

"రైలింగు పట్టుకుని ఎక్కే మనిషి కాదు. రెండు చేతుల్లో బట్టల మూట పట్టుకుని చకచకా ఎక్కేసేది. ఒకరోజు ఏడో మెట్టు దగ్గర ఇనుము మీద ఉంగరం టింగుమంది. ఆగింది. మళ్ళీ ఎక్కింది. ఏదో తట్టుకుందనుకున్నాను. మర్నాడు అక్కడే. మూట బరువనుకున్నాను. మూడోనాడు ఉత్త చేతులతో ఎక్కింది. అదే మెట్టు. అదే చప్పుడు. పైకెళ్ళాక పిలిస్తే వెంటనే పలకలేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టాక పలికింది."

"విన్నావు."

"విన్నాను."

"తెలుసు నీకు."

"జబ్బు పేరు తెలియదు. అరుగుతోందని తెలుసు."

"తెలిసి సుద్దముక్క తీశావా? భార్యకి ఒంట్లో బాగాలేదని తెలిస్తే మనిషన్నవాడు ఆటో పిలుస్తాడు. నువ్వు మెట్టు మీద గీతలు గీశావా?"

"ఆమె గుడ్డలు కొనడానికి వెళ్ళినప్పుడు గీశాను. ఏడు మెట్లెక్కి దిగడానికి అరగంట పట్టింది."

"ఎందుకు నాన్నా? ఎందుకు గీశావు? ఎవరికి చెప్పడానికి?"

"ఎవరికీ కాదు. నాకు అలాగే తెలుసు. విన్నాక గీస్తాం. గీశాక ఆగుతాం. నా మోకాలికి ఆస్పత్రిలో డేటు ఉంది కదా, ఎలాగూ వెళ్తాం, ఆరోజు ఆమెని కూడా చూపిద్దామనుకున్నాను. అదే షట్‌డౌన్ అనుకున్నాను. నోటితో చెప్తే భయపడుతుందని…"

"భయపడుతుందనా, నువ్వే భయపడా?"

"…నేనే."

"అమ్మ చూసింది నాన్నా. నీ గీతలు చూసి టిక్కు పెట్టింది. నువ్వు విన్నావని తనకి తెలుసు. నువ్వు విప్పుతావని ఆగింది."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"నువ్వు చెప్పావా?"

"నేను గీసిన రోజు సాయంత్రం కూడా అడిగింది. ఇవాళ ఏం విన్నావు అని. కుళాయి గురించి చెప్పాను. మధ్యాహ్నం పూట చుక్క నెమ్మదిగా పడుతోందని. అంతేనా అంది."

"నువ్వేమన్నావు?"

"అంతే అన్నాను. మళ్ళీ అడిగింది. అంతేనా అని. అంతే అన్నాను. లేచి వెళ్ళి దీపం వేసింది. ఏడవకు. ఏడిస్తే ఊపిరి అందదు."

"నీకెందుకు నా ఊపిరి గొడవ? నాన్నా, ఆగు… ఆ డేటు. నీ మోకాలి డేటు. పదిహేడు కదా ముందు?"

"వదిలెయ్యి."

"పదిహేడు. నేనే తీసుకున్నాను. నువ్వు ఆఫీసుకి ఫోన్ చేశావు. కాస్త ముందుకి జరుగుతుందేమో కనుక్కో అన్నావు. ఎప్పుడూ ఫోన్ చెయ్యనివాడివి చేశావు."

"వదిలెయ్యమన్నానా?"

"మోకాలికి పది రోజులు ఆగలేవా అన్నాను నేను. కౌంటరు ముందు జనం ఉన్నారు. పైగా పదిహేడున సెలవు దొరకలేదని దాన్ని ఇరవై నాలుక్కి నెట్టాను. అమ్మ ఇరవయ్యో తారీకున…"

"నువ్వు ముద్ర కొట్టడం ఆపలేదు. ఫోన్లో వినపడుతూనే ఉంది. టప్పు, టప్పు అని. ఆగితే చెబుదామనుకున్నాను. ఆగలేదు."

"మోకాలికి కాదు, అమ్మకి అని ఒక్క మాట అంటే…"

"అనలేదు. నీ తప్పేం లేదు. ఇంట్లోంచి బయటికి అడుగేస్తే ఆటోలు. నాకు నోరుంది. తప్పు నాదే. నీకు చెప్పకూడదనుకున్నాను."

"అందుకేనా అయిదు నెలలు రమ్మనలేదు?"

"వస్తే అడుగుతావు. అడిగితే ఈ డేటు దాకా వస్తావు."

"నేనేమో… రాయి మనిషి, అమ్మ పోయినా చలనం లేదు అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను."

"రాయినే. తప్పేం చెప్పలేదు."

"అమ్మా! స్టాండు కూడా ఎక్కించేశాను. తాడు కట్టేశాను. బయల్దేరదామా? ఏంటమ్మా, ఇద్దరూ అలా… నేను కాసేపు బయట నిలబడనా?"

"వస్తున్నానన్నా. ఒక్క నిమిషం. నాన్నా, నేను వెళ్తాను. రెండింటికి కౌంటరు తెరవాలి. ఇంకేం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. మళ్ళీ రానని అన్నాను కదా… దాని గురించి తర్వాత చూద్దాం. ఆ గీతలు తుడవకు."

"ఏయ్, నీ బండిలో ముందు ఎంతమంది పడతారు?"

"నేను కాక ఇద్దరు పెద్దాయనా. సర్దుకుంటే."

"పెద్దాసుపత్రి మీదుగా పోనీ. మమ్మల్ని అక్కడ దింపి, మిషను అమ్మాయి ఇంట్లో దించు."

"ఆస్పత్రికా? ఇప్పుడా? నాన్నా, ఇంతకాలం రాని మోకాలు ఇవాళే గుర్తొచ్చిందా? డేటు లేకుండా చూడరు. వచ్చే వారం నేను కనుక్కుని…"

"డేటు లేదు, గీటు లేదు. ఆ చేతికర్ర ఇలా ఇవ్వు."

"మోకాలు అంత నొప్పిగా ఉందా?"

"మోకాలికి కాదు."

"మరి?"

"ఖాళీ నూనె డబ్బా నాకెందుకు, గిరకా? గాలి లేని రోజు కిటికీ గడియ ఎందుకు?"

"నన్ను విసిగించడానికి."

"మొదటిసారి నీ అంతట నువ్వే ఎక్కావు. దుమ్ము అనుకుందామని చూశాను. రెండోసారి నేను ఎక్కించాను. ఉత్త చేతులతో పంపాను, బరువు అనుకోవడానికి లేకుండా."

"నాన్నా…"

"మూడోసారి పిలిస్తే నాలుగు అంకెలు దాటాక పలికావు."

"నాన్నా, ఏంటి నువ్వనేది?"

"ఈసారి సుద్ద తియ్యను, నోటితోనే చెప్తున్నాను. ఏడో మెట్టు మీద నీ ఉంగరం కూడా మోగింది."